మన ఆర్‌ఎక్స్ 100కి తాతయ్య: వాల్టర్ కాడెన్

పోయిన వేసవి సెలవుల్లో నేనొక చచ్చిన బండి కొన్నాను. 1990 మోడల్ ఆర్‌ఎక్స్ 100. మాది తెనాలి దగ్గర పల్లెటూరు. మా వీధి చివర ఉండే రిటైర్డ్ మాస్టారి పశువుల కొట్టంలో ఆ బండి పన్నెండేళ్ల నుంచి గడ్డిమోపుల పక్కన నిలబడే ఉంది. ట్యాంకు నిండా తుప్పు, సీట్లో ఎలుకల కాపురం, కిక్ రాడ్ మీద ఎక్కి నిలబడ్డా కదలదు. అయినా సరే 22 వేలు పెట్టి కొన్నాను. అమ్మ రెండు రోజులు నాతో మాట్లాడలేదు. నాన్న మాత్రం బండి చుట్టూ ఒక రౌండు తిరిగి, టైర్లు నొక్కి చూసి, ఏమీ అనకుండా లోపలికి వెళ్లిపోయారు.

మెకానిక్ బాబాయ్ ప్లగ్గు విప్పి ఆ కన్నంలోంచి డీజిల్ పోసి రెండు రోజులు అలాగే వదిలేశాడు. మూడో రోజు పిస్టన్ కదిలింది. తర్వాత ఇంజిన్ దించాం. బోరు కొట్టించి కొత్త పిస్టన్, రింగులు వేశాం. క్రాంకు ఆయిల్ సీళ్లు ఎండి అట్టముక్కల్లా అయిపోయాయి, వాటిని మార్చాం. కొన్ని పార్టుల కోసం బెజవాడ ఆటోనగర్‌కి మూడుసార్లు తిరిగాను. చివరికి ఒక సాయంత్రం, బహుశా నలభయ్యో కిక్కుకి, అది దగ్గి, తెల్లటి పొగ వదిలి, స్టార్ట్ అయింది. ఆ శబ్దానికి మాస్టారు కూడా ఇంట్లోంచి బయటికి వచ్చి చూశారు.

అక్కడితో ఆగి ఉంటే ఈ వ్యాసం ఉండేది కాదు. నేను ఆగలేదు. పాత సైలెన్సర్ తీసేసి, బజారులో దొరికే ఒక తిన్నని గొట్టం పెట్టించాను. శబ్దం ఊరంతా వినిపించింది కానీ బండి లాగడం మానేసింది. థర్డ్ గేర్‌లో చెరువుగట్టు కూడా ఎక్కట్లేదు. బాబాయ్ నవ్వి, పాత సైలెన్సర్‌లోని మసి కాల్చి, దులిపి, మళ్లీ బిగించాడు. బండి మళ్లీ లాగింది.

నాకు బుర్ర తిరిగింది. నేను సీఎస్ఈ. నాకు తెలిసిన లోకంలో అవుట్‌పుట్ అంటే పని అయిపోయాక బయటికి వచ్చేది. సైలెన్సర్ అంటే ఇంజిన్‌కి అవుట్‌పుట్. పొగ బయటికి పోయే గొట్టం మారిస్తే లోపల పవర్ ఎలా తగ్గుతుంది? ప్రింట్ స్టేట్‌మెంట్ మారిస్తే ప్రోగ్రామ్ స్పీడు మారినట్టుంది నాకు. ఆ ప్రశ్న పట్టుకుని వెతుకుతూ పోతే ఒక మనిషి దగ్గర ఆగాను. ఆయన పేరు వాల్టర్ కాడెన్. మోటార్‌సైకిల్ రేసుల చరిత్ర తెలిసిన వాళ్లకి ఆయన చాలా పెద్ద పేరు. మన క్యాంపస్‌లో టూ-స్ట్రోక్ బండి శబ్దానికి తల తిప్పి చూసే వాళ్లలో మాత్రం ఎక్కువమందికి తెలియదు. నాకూ అప్పటిదాకా తెలియదు.

చోపౌ అనే చిన్న ఊరు

కాడెన్ 1919 సెప్టెంబర్ 1న జర్మనీలోని సాక్సనీ కొండప్రాంతంలో, పోబర్షౌ అనే ఊళ్లో పుట్టారు. దగ్గర్లోనే చోపౌ అనే చిన్న పట్నం. ఆ పట్నంలో డీకేడబ్ల్యూ కార్ఖానా ఉండేది. రాస్మూసెన్ అనే డెన్మార్క్ ఆయన పెట్టిన కంపెనీ అది. 1920ల చివరికి ప్రపంచంలో అందరికంటే ఎక్కువ మోటార్‌సైకిళ్లు తయారుచేసేది వాళ్లే. చేసేవన్నీ టూ-స్ట్రోక్‌లే. కాడెన్ వాళ్ల నాన్న ఆ కంపెనీ సేల్స్ మేనేజర్‌కి కారు డ్రైవర్. 1927లో నూర్‌బుర్గ్‌రింగ్ రేస్ ట్రాక్ మొదలైనప్పుడు చిన్న వాల్టర్ కూడా చూడటానికి వెళ్లాడు. ఇంజిన్ పిచ్చి అక్కడే పట్టుకుంది. తర్వాత కెమ్నిట్జ్‌లో ఇంజినీరింగ్ చదివారు.

ఆయన ఇరవయ్యో పుట్టినరోజు నాడు, 1939 సెప్టెంబర్ 1న, హిట్లర్ సైన్యం పోలండ్‌లోకి దిగింది. రెండో ప్రపంచ యుద్ధం మొదలైంది. నాకిప్పుడు పందొమ్మిది. ఆ తేదీ చదివినప్పుడు కొంచెంసేపు ఆగిపోయాను.

1940లో ఆయన హెన్‌షెల్ అనే విమానాల కంపెనీలో చేరారు. అక్కడ హెర్బర్ట్ వాగ్నర్ అనే ప్రొఫెసర్ టీమ్‌లో పనిచేశారు. విమానంలోంచి వదిలాక రేడియోతో నడిపించే హెచ్ఎస్ 293 అనే బాంబు వాళ్లది. 1943లో అది ఓడల్ని ముంచింది, మనుషుల్ని చంపింది. దీన్ని దాటేసి ఆయన్ని సాధువులా చూపించడం నాకిష్టం లేదు. మంచి ఇంజినీర్ తెలివి ఎవరి చేతిలో పడితే వాళ్ల పని చేస్తుంది. ఆయన తెలివి కొన్నేళ్లు నాజీల పని చేసింది.

యుద్ధం అయ్యాక అమెరికన్లు ఆయన్ని కొంతకాలం నిర్బంధంలో ఉంచారు. ఆయన బాస్ వాగ్నర్ 1945లోనే అమెరికా వెళ్లిపోయారు. జర్మన్ సైంటిస్టులని అమెరికా తీసుకెళ్లిన తొలి బ్యాచ్‌లో వాగ్నర్ ఒకరు. కాడెన్ మాత్రం ఇంటికి వచ్చారు. ఇల్లంటే చోపౌ. అప్పటికది సోవియట్ సైన్యం చేతిలో ఉంది. ఒక మిస్సైల్ ఇంజినీర్ అక్కడ పెట్టిన వ్యాపారం ఏంటో తెలుసా? కలప. బాంబులకి కూలిన ఇళ్లకి పైకప్పు దూలాలు చేసి అమ్మడం. మిగిలిన టైంలో పాత డీకేడబ్ల్యూ బండి ఒకదాన్ని తనే విప్పి, మార్చి, చుట్టుపక్కల రేసుల్లో తోలేవారు.

నా కొట్టం బండి గుర్తొచ్చింది. ఆయన కూడా మొదలుపెట్టింది అలాగే. డబ్బులు లేవు, పార్టులు లేవు, ఉన్న పాత బండినే బతికించుకోవడం.

అందరూ కాపీ కొట్టిన బండి

ఆ పాత బండి గురించి ఒక మాట చెప్పాలి. దాని పేరు ఆర్‌టీ 125. 1939లో డీకేడబ్ల్యూ తయారుచేసిన చిన్న టూ-స్ట్రోక్. యుద్ధంలో ఓడిపోయిన దేశం కాబట్టి దాని డిజైన్లు గెలిచిన వాళ్లకి పరిహారంగా పోయాయి. ఇంగ్లండ్‌లో అదే డిజైన్ బీఎస్ఏ బాంటమ్ అయింది. అమెరికాలో హార్లీ డేవిడ్సన్ వాళ్ల 125 అయింది. రష్యాలో మాస్కో బండి అయింది. 1955లో జపాన్‌లో పియానోలు చేసే ఒక కంపెనీ తన మొట్టమొదటి మోటార్‌సైకిల్‌ని దాన్ని చూసే చేసింది. ఆ కంపెనీ యమహా. ఆ బండి వైఏ-1.

అంటే మన ఆర్‌ఎక్స్ 100 వంశవృక్షంలో వెనక్కి నడిస్తే మొదటి మెట్టులోనే చోపౌ తగులుతుంది. కానీ యమహా, సుజుకిలకి ఆ ఊరు రుణం ఇచ్చింది ఒక్కసారి కాదు, రెండుసార్లు. రెండోసారి కథే కాడెన్‌ది.

గొట్టంలో ఏముంది

1953లో చోపౌ కార్ఖానా వాళ్లు కాడెన్‌ని రేసింగ్ విభాగానికి హెడ్‌గా పెట్టారు. ఆ కార్ఖానా అప్పటికి తూర్పు జర్మనీ ప్రభుత్వానిది. 1956 నుంచి దాని పేరు ఎంజెడ్. అప్పట్లో రేసుల్లో టూ-స్ట్రోక్ అంటే చిన్నచూపు. ఇటలీ వాళ్ల ఫోర్-స్ట్రోక్‌లు రాజ్యమేలేవి. టూ-స్ట్రోక్ అంటే పొగ, శబ్దం, పేదవాడి బండి.

చిన్నచూపుకి కారణం ఉంది. ఫోర్-స్ట్రోక్‌లో పెట్రోలు గాలి లోపలికి పీల్చడానికి, కాలిన పొగ బయటికి తోయడానికి పిస్టన్‌కి విడివిడిగా టైం ఉంటుంది. వాల్వులు ఉంటాయి. టూ-స్ట్రోక్‌లో అవేవీ లేవు. సిలిండర్ గోడకి కన్నాలు ఉంటాయి, పిస్టనే పైకీ కిందకీ పోతూ వాటిని మూస్తుంది, తెరుస్తుంది. కాలిన పొగ బయటికి పోతుండగానే కొత్త పెట్రోలు గాలి లోపలికి వస్తుంది. రెండు తలుపులూ ఒకేసారి తెరిచి ఉన్న ఇల్లన్నమాట. ముందు తలుపులోంచి వచ్చిన చుట్టం వెనక తలుపులోంచి వెళ్లిపోయినట్టు, కాలని పెట్రోలు కొంత నేరుగా సైలెన్సర్‌లోకి పోతుంది. పవర్ అక్కడే పోతుంది.

కాడెన్ ఈ వెనక తలుపుని మూయడానికి వాల్వు పెట్టలేదు. శబ్దాన్ని వాడారు. కన్నం తెరుచుకోగానే పొగతో పాటు ఒక ఒత్తిడి అల గొట్టంలోకి దూసుకుపోతుంది. గొట్టం వెడల్పు అయ్యే చోట ఆ అలలో కొంత భాగం పీల్చే అలగా మారి వెనక్కి వస్తుంది. అది సిలిండర్‌లో మిగిలిన పొగని లాగేస్తుంది. తర్వాత గొట్టం మళ్లీ సన్నబడే చోట అల ఈసారి తోసే అలగా వెనక్కి వస్తుంది. అది వచ్చేసరికి కన్నం మూసుకోబోతూ ఉంటే, బయటికి జారిపోయిన కొత్త పెట్రోలు గాలిని మళ్లీ సిలిండర్‌లోకి నెట్టేస్తుంది. వెళ్లిపోతున్న చుట్టాన్ని గుమ్మం దగ్గర పట్టుకుని భోజనం చేసి వెళ్లమని లోపలికి లాక్కొచ్చినట్టు.

ఇదంతా ఎంత టైంలో జరగాలో లెక్క వేశాను. ఇంజిన్ నిమిషానికి 10,800 సార్లు తిరిగితే సెకనుకి 180 సార్లు. ఒక్కో చుట్టుకి దాదాపు 5.6 మిల్లీసెకన్లు. కన్నం తెరిచి ఉండేది అందులో దాదాపు సగమే. ఆ లోపల అల వెళ్లి, రెండు చోట్ల తగిలి, టైంకి తిరిగి రావాలి. గొట్టం పొడవు కొంచెం తప్పినా అల ముందే వస్తుంది, లేదా తలుపు మూసుకున్నాక వస్తుంది. నేను పెట్టిన తిన్నని గొట్టంలో అసలు వెనక్కి తోసే అలే లేదు. చెరువుగట్టు ఎందుకు ఎక్కలేదో అప్పుడు అర్థమైంది. టూ-స్ట్రోక్ బండి ఒక స్పీడు దాటాక ఒక్కసారిగా వీపు మీద తన్నినట్టు లాగుతుందే, అది కూడా ఇదే. ఆ స్పీడులోనే అలలు టైంకి కలుస్తాయి.

ఇందులో ప్రతి ముక్కా కాడెన్ సొంతం కాదు. వెడల్పై సన్నబడే గొట్టాన్ని అంతకుముందే పశ్చిమ జర్మనీలో డీకేడబ్ల్యూ ఇంజినీర్ ఎరిక్ వోల్ఫ్ రేస్ బండికి పెట్టారు. పెట్రోలు గాలిని లోపలికి వదలడానికి క్రాంకు పక్కన తిరిగే పల్చటి బిళ్లని డేనియల్ జిమ్మర్‌మన్ అనే ఇంకో తూర్పు జర్మన్ తన సొంత బండి మీద వాడాడు. కాడెన్ ఆ రెండూ తీసుకున్నారు. ఆసిలోస్కోప్ పెట్టి గొట్టంలో అలలని చూశారు, గొట్టం కొలతలు మార్చారు, మళ్లీ చూశారు. పిస్టన్‌లోని బేరింగ్ వేడికి కాలిపోతుంటే, దాని పక్కనుంచి చల్లటి పెట్రోలు గాలి వెళ్లేలా సిలిండర్‌కి మూడో దారి తవ్వారు. బేరింగ్ చల్లబడింది, పవరూ పెరిగింది. మన ల్యాబ్‌లో ఆసిలోస్కోప్ ముందు నేను చేసిందల్లా సైన్ వేవ్ ఫొటో తీసి రికార్డులో అంటించడం.

డబ్బున్న కంపెనీలకి ఉన్న లోహాలు, బేరింగులు ఆయనకి దొరికేవి కావు. చిన్న టీము. ఇంజిన్లు రేసు మధ్యలో పట్టేసేవి. అయినా 1958లో స్వీడన్‌లో హోర్స్ట్ ఫ్యూగ్నర్ ఎంజెడ్ మీద 250 సీసీ గ్రాండ్ ప్రి గెలిచాడు. 1961కి కాడెన్ 125 సీసీ ఇంజిన్ 25 హార్స్‌పవర్ ఇచ్చింది. లీటరుకి లెక్కేస్తే 200. గాలిని బలవంతంగా ఎక్కించే పంపు ఏదీ లేకుండా ఆ అంకె అందుకున్న మొదటి ఇంజిన్ అదే. పోల్చుకోవాలంటే, పాతికేళ్ల తర్వాత వచ్చిన మన ఆర్‌ఎక్స్ 100 ఇచ్చేది 98 సీసీకి 11. లీటరుకి 112.

ఒక ఆదివారం

1961లో ఎంజెడ్ తరఫున తోలిన రైడర్ ఎర్న్‌స్ట్ డెగ్నర్. రైడరే కాదు, ఇంజిన్ లోపల ఏముందో బాగా తెలిసినవాడు. కాడెన్ దగ్గర ఏళ్ల తరబడి పనిచేశాడు. 125 సీసీ ప్రపంచ చాంపియన్‌షిప్‌లో అతను ముందున్నాడు, వెనకే హోండా మీద టామ్ ఫిలిస్. చోపౌకి మొదటి ప్రపంచ టైటిల్ చేతికి అందేంత దూరంలో ఉంది.

ఆగస్టు 13న బెర్లిన్‌లో గోడ మొదలైంది. అప్పటిదాకా లక్షలమంది తూర్పు నుంచి పశ్చిమానికి నడిచి వెళ్లిపోయారు. ఇక దారి మూసుకుంది. డెగ్నర్ అప్పటికే సుజుకి వాళ్లతో రహస్యంగా మాట్లాడుకుని ఉన్నాడు. సుజుకి టూ-స్ట్రోక్‌లు రేసుల్లో ఘోరంగా వెనకపడి ఉన్నాయి. వాళ్లకి కావాల్సింది అతని తలలో ఉంది.

సెప్టెంబర్ 17, ఆదివారం. స్వీడన్‌లోని క్రిస్టియన్‌స్టాడ్‌లో రేసు. డెగ్నర్ ఇంజిన్ మధ్యలోనే పోయింది. టైటిల్ అక్కడ ఖాయం కాలేదు. ఆ వారాంతంలోనే అతని భార్యని, ఇద్దరు చిన్న పిల్లల్ని ఒక కారు డిక్కీలో చేసిన రహస్యపు అరలో దాచి సరిహద్దు దాటించారు. పిల్లలు ఏడవకుండా నిద్రమందు ఇచ్చారని చెప్తారు. డెగ్నర్ స్వీడన్ నుంచి టీముతో తిరిగి రాలేదు. పశ్చిమానికి వెళ్లిపోయాడు. అర్జెంటీనాలో చివరి రేసు అతను తోలలేకపోయాడు, టైటిల్ ఫిలిస్‌కి పోయింది.

ఆ నవంబర్‌లో డెగ్నర్ జపాన్‌లో సుజుకి వర్క్‌షాప్‌లో ఉన్నాడు. 1962లో సుజుకి 50 సీసీ బండి మీద అతను ప్రపంచ చాంపియన్ అయ్యాడు. సుజుకికి అదే మొదటి ప్రపంచ టైటిల్. టూ-స్ట్రోక్ ఇంజిన్‌కి కూడా అదే మొదటిది. కొన్ని నెలల ముందు దాకా చివర్లో వచ్చిన కంపెనీ అది. తర్వాత యమహా కూడా అదే దారిలో వచ్చింది. 1964లో 250 సీసీ టైటిల్ వాళ్లది.

చోపౌకి తిరిగి వెళ్లిన కాడెన్‌కి మిగిలింది విచారణలు, అనుమానాలు. ఎవడో పారిపోతే వాడి బాస్‌ని అడుగుతారు కదా. ఆయన మాత్రం మళ్లీ అదే వర్క్‌షాప్‌లో పని మొదలుపెట్టారు. 1963లో సొంత గడ్డ మీద, సాక్సెన్‌రింగ్‌లో, ఇంగ్లండ్ రైడర్ మైక్ హెయిల్‌వుడ్‌కి ఒక 250 ఇచ్చారు. అతను హోండాలని ఓడించి గెలిచాడు. కానీ రోడ్ రేసుల్లో ప్రపంచ టైటిల్ మాత్రం ఎంజెడ్‌కి ఎప్పటికీ రాలేదు. 1970ల మధ్య దాకా ఆయన ఇంజిన్లు గెలిచిన గ్రాండ్ ప్రిలు మొత్తం 13.

బురదలో గెలిచారు

చోపౌ ఇంకోచోట గెలిచింది. మట్టిలో, కొండల్లో. ఇంటర్నేషనల్ సిక్స్ డేస్ ట్రయల్ అని ఆరు రోజుల పోటీ ఉండేది. రోజంతా అడవి దారుల్లో, రాళ్లల్లో, వాగుల్లో తోలాలి. బండి చెడిపోతే రైడరే బాగు చేసుకోవాలి, మెకానిక్ ముట్టుకోకూడదు. ముఖ్యమైన పార్టులకి ముందే రంగు గుర్తులు వేస్తారు, మార్చడానికి వీల్లేదు. 1963 నుంచి 1967 దాకా వరసగా ఐదేళ్లు, మళ్లీ 1969లో, ఆ ట్రోఫీ తూర్పు జర్మనీదే. బండ్లు చోపౌలో చేసిన టూ-స్ట్రోక్‌లు. 1964లో పోటీ వాళ్ల దేశంలోనే, ఎర్‌ఫుర్ట్‌లో జరిగితే, హాలీవుడ్ హీరో స్టీవ్ మెక్వీన్ అమెరికా టీములో పెద్ద ట్రయంఫ్ ఫోర్-స్ట్రోక్ మీద వచ్చాడు. మధ్యలోనే పడి ఆగిపోయాడు. పేదవాడి బండి అన్న ఆ తేలికైన టూ-స్ట్రోక్‌లు చివరిదాకా వెళ్లాయి.

1968లో యమహా డీటీ-1 అనే 250 సీసీ టూ-స్ట్రోక్ తెచ్చింది. రోడ్డు మీదా తోలచ్చు, మట్టిదారిలోనూ తోలచ్చు. ట్రయల్ బైక్ అనే మాట అమెరికాలో ఇంటింటికీ వెళ్లింది దానితోనే. దాని సిలిండర్‌కి ఐదు పోర్టులు, మధ్యలో ఉబ్బిన సైలెన్సర్. ఇవాళ ఎవరైనా ఎక్కడైనా అలాంటి పాత ట్రయల్ బండి కొని బాగు చేస్తుంటే, వాళ్ల చేతికి అంటే మసి ఆ ఉబ్బిన గొట్టంలోదే. 1980లలో మన దగ్గరికి వచ్చిన ఇండ్-సుజుకి, ఆర్‌ఎక్స్ 100 ఆ కుటుంబంలో పిల్లలు. గ్రాండ్ ప్రిలో పెద్ద క్లాస్ 500 సీసీ. 1975 నుంచి 2001 దాకా ఆ టైటిల్ ఒక్క ఏడాది కూడా ఫోర్-స్ట్రోక్‌కి దక్కలేదు.

ఎవరిది తప్పు

నేను మొదట చదివినప్పుడు డెగ్నర్ మీద కోపం వచ్చింది. దొంగ అనుకున్నాను. తర్వాత మిగతా కథ చదివాను. 1963లో జపాన్‌లో సుజుకా ట్రాక్ మీద అతని బండి పడి మంటల్లో చిక్కుకుంది. ఒళ్లు తీవ్రంగా కాలింది. తర్వాత నొప్పి మందులకి అలవాటు పడ్డాడు. మళ్లీ మునుపటి మనిషి కాలేదు. 1983లో 51 ఏళ్లకే టెనెరీఫ్ దీవిలో చనిపోయాడు. గోడ కట్టిన దేశంలో పిల్లల్ని పెంచడం ఇష్టం లేని తండ్రి ఏం చేయాలి? ఆ ప్రశ్నకి నా దగ్గర జవాబు లేదు. అతను వెళ్లడం తప్పని నేను అనలేను. వెళ్తూ పట్టుకెళ్లింది అతనొక్కడిదీ కాదని మాత్రం అనగలను.

ఎఫ్1 చూసేవాళ్లకి సుజుకా ట్రాక్‌లో డెగ్నర్ కర్వ్ తెలిసే ఉంటుంది. అది ఈ డెగ్నరే. ప్రతి ఏడాదీ కామెంటరీలో ఆ పేరు వినిపిస్తుంది. కాడెన్ పేరు వినిపించదు.

కాడెన్ వెళ్లిపోవాలనుకుంటే 1945లో వెళ్లేవారు. గోడ కట్టకముందు రేసుల కోసం ఎన్నోసార్లు పశ్చిమ దేశాలకి వెళ్లారు, ప్రతిసారీ తిరిగి వచ్చారు. మన హాస్టల్లో రాత్రి పన్నెండింటికి జరిగే చర్చ ఏంటో మీకు తెలుసు. జీఆర్‌ఈ, ఎంఎస్, ఎఫ్-1 వీసా. ఉండేవాడు పిచ్చోడు, వెళ్లేవాడు తెలివైనవాడు అని సగం మంది. వెళ్లేవాడు స్వార్థపరుడు అని ఇంకో సగం. కాడెన్, వాగ్నర్, డెగ్నర్, ముగ్గురి జీవితాలూ పక్కపక్కన పెట్టి చూశాక ఈ రెండు మాటలూ నాకు సరిపోవట్లేదు. వెళ్లడం, ఉండడం ఎవరి ఇష్టం వాళ్లది. వేరే ప్రశ్న ఒకటుంది. నీ చేతిలో ఉన్న పనికి ఎవరు మెట్లు కట్టారో నీకు తెలుసా, తెలిస్తే చెప్తావా?

1989లో గోడ కూలింది. దేశం ఒకటయ్యాక చోపౌ కార్ఖానా ప్రైవేటు చేతుల్లోకి వెళ్లి చిక్కిపోయింది. టూ-స్ట్రోక్‌ల పొగకి ప్రపంచమంతా తలుపులు మూసింది, అది న్యాయమే. నా బండి వెనక నిలబడితే ఎందుకో తెలుస్తుంది. కాడెన్ 1996 మార్చి 3న చనిపోయారు. వయసు 76. మన దగ్గర ఆర్‌ఎక్స్ 100 తయారీ ఆగిపోయింది కూడా 1996లోనే.

చివరగా నా సంగతి. పోయిన సెమిస్టర్‌లో మా బ్యాచ్ మినీ ప్రాజెక్ట్‌కి మంచి మార్కులు వచ్చాయి. అందులో అసలు కష్టమైన భాగం పాసౌట్ అయిన ఒక సీనియర్ అన్న రాసిన కోడ్. ఫైల్ పైన ఆయన పేరున్న రెండు లైన్లు నేనే డిలీట్ చేశాను. అప్పుడు ఏమీ అనిపించలేదు, అందరూ చేసేదే కదా అనుకున్నాను. సెలవులయ్యాక కాలేజీకి వచ్చిన మొదటి వారంలో ఆ రెండు లైన్లు మళ్లీ పెట్టాను. రిపోర్టులో కృతజ్ఞతల పేజీ మార్చి మా గైడ్ మేడమ్‌కి ఇచ్చాను. మేడమ్ ఎందుకని అడిగితే ఈ కథంతా చెప్పాల్సి వచ్చింది. కొంచెం కోప్పడ్డారు, ఐదు మార్కులు తగ్గించారు. అన్నకి మెయిల్ పెట్టాను. ఆయన ఇప్పుడు డాలస్‌లో ఉన్నారు. జవాబులో కోడ్ గురించి పెద్దగా ఏమీ రాయలేదు. ఆర్‌ఎక్స్ 100 ఫొటో పంపమన్నారు.

ఫొటో పంపాను. పాత సైలెన్సర్‌తోనే.